యేసు ప్రభువు రాకడ దగ్గర పడింది, ఇక పరీక్షలెందుకు అంటున్న తమ్ముడికి ఏం చెప్పాలి?

చీరాల_అక్క
మా తమ్ముడు బీకాం ఆఖరి ఏడాది. రెండు సబ్జెక్టులు మిగిలాయి. ఫీజు కట్టుకోమని నాన్న ఇచ్చిన డబ్బు కట్టకుండా ఒక యూట్యూబ్ బోధకుడి పరిచర్యకు పంపేశాడు. అడిగితే "ప్రభువు వచ్చి మనం పరలోకానికి ఎత్తబడ్డాక సర్టిఫికెట్ ఎవరికి చూపించాలి అక్కా" అంటున్నాడు. పొద్దస్తమానం ఇజ్రాయెల్ వార్తలు, కడవరి యుద్ధానికొచ్చే గోగు మాగోగు, లోకాంతానికి ముందు ఏడేండ్ల శ్రమలు, ఇవే వీడియోలు. నాన్న కౌలుకు మిర్చి వేస్తాడు. ఆ డబ్బు ఎలా వచ్చిందో వాడికి తెలియనిది కాదు.

వాణ్ణి తిట్టడానికి నోరు రావడం లేదు. తాగుడు లేదు, చెడు తిరుగుళ్ళు లేవు. తెల్లారకముందే లేచి ప్రార్థన చేసుకుంటాడు. అమ్మేమో "వాడు దేవుడి మీద ఆధారపడ్డాడు, నువ్వు లోకం వైపు లాగకు" అంటోంది. రాకడను నేనూ నమ్ముతాను. దానికోసం కనిపెట్టుకోవడమంటే చేతిలో పని వదిలెయ్యడమేనా? వాడి మనసు విరిగిపోకుండా వాక్యంలోంచే ఎలా చెప్పాలి?

యవనస్థుల_కూడిక
రెండవ థెస్సలొనీక 3:10. పని చేయడం ఇష్టం లేనివాడు తినకూడదు. ఇది చూపించండి, చాలు.

సండేస్కూల్_సుజాత
ఒక్క వచనం మొహాన పెడితే పిల్లవాడు ఇంకో పది వచనాలు తెస్తాడు. పౌలు థెస్సలొనీక సంఘానికి ఆ ఉత్తరాలు ఎందుకు రాయాల్సి వచ్చిందో కూర్చోబెట్టి చెప్పాలి.

పౌలు థెస్సలొనీకలో వరసగా మూడు విశ్రాంతి దినాలు సమాజమందిరంలో బోధించాడు. గొడవ జరిగి రాత్రికి రాత్రి ఊరు విడిచి వెళ్ళాల్సి వచ్చింది. అక్కడ మిగిలింది కొత్త విశ్వాసులు. ప్రభువు వస్తాడని విన్నారు, గట్టిగా నమ్మారు. ఈలోగా వాళ్ళలో కొందరు చనిపోయారు. మరి వీళ్ళ గతేంటని మిగతావాళ్ళకు దిగులు పట్టుకుంది. మొదటి ఉత్తరం నాలుగో అధ్యాయంలో దేవుని బూర, మేఘాలు, ఎదుర్కొనడం అంతా వచ్చేది ఆ దిగులుకు జవాబుగానే. ఆఖరి మాట చూడండి: "కాబట్టి మీరు ఈ మాటలచేత ఒకనినొకడు ఆదరించుకొనుడి". మన దగ్గర భూస్థాపన కూడికల్లో ఈ భాగం చదివేది అందుకే. ఓదార్చడానికి ఇచ్చిన మాటలతో ఇవాళ పిల్లల్ని బెదిరిస్తున్నారు. అది నాకు చాలా బాధ.

ఇంకోటి. అదే అధ్యాయంలో ఈ రాకడ భాగం మొదలవడానికి రెండు వచనాల ముందే, పదకొండో వచనంలో, నెమ్మదిగా ఉండండి, మీ సొంత పనులు చూసుకోండి, మీ చేతులతో కష్టపడండి అని ఉంది. రాకడ సంగతీ చేతిపని సంగతీ పక్కపక్కనే రాశాడు. తమ్ముడు రాకడ సంగతి చదివి చేతిపని సంగతి వదిలేశాడు, అంతే తేడా.

మరనాత_బ్రదర్
ఇలాంటి చర్చలు చూస్తే నాకు ఒకటే భయం. ఆ అబ్బాయి తెల్లారకముందే ప్రార్థన చేస్తున్నాడు. మన సంఘాల్లో ఎంతమంది చేస్తున్నారు? మెలకువగా ఉండండని ప్రభువే చెప్పాడు. 1948లో ఇజ్రాయెల్ దేశం మళ్ళీ నిలబడింది, ప్రభువు గుర్తుగా చెప్పిన అంజూరపు చెట్టు చిగురించింది. ఆ తరం గతించదని మత్తయి 24:34 అంటోంది. ఇవన్నీ కళ్ళెదుట జరుగుతుంటే డిగ్రీ గురించి టెన్షన్ పడమని చెప్పాలా? ఫీజు డబ్బు అలా వాడడం తప్పే, ఒప్పుకుంటాను. కానీ ఆ కుర్రాడిలో ఉన్న మంటను ఆర్పకండి.

డాలస్_డేవిడ్
బ్రదర్, 1948కి ఒక తరం అంటే నలభై ఏళ్ళు కలిపి 1988 సెప్టెంబరులో ఎత్తబడతామని ఇక్కడ అమెరికాలో ఒకాయన లెక్కగట్టాడు. లక్షల మంది చదివారు. తర్వాత తరమంటే డెబ్బై అన్నారు, ఎనభై అన్నారు. వాక్యం మారలేదు, లెక్క మారుతోంది.

2011లో హెరాల్డ్ క్యాంపింగ్ అనే రేడియో బోధకుడు మే 21 అన్నాడు. రోడ్ల పక్కన పెద్ద పెద్ద బోర్డులు పెట్టారు. న్యూయార్క్‌లో రిటైరైన రవాణా ఉద్యోగి ఒకాయన తన జీవితకాలపు పొదుపు 1,40,000 డాలర్లు ప్రకటనలకే పెట్టాడు. ఆ రోజు గడిచింది. అక్టోబరు 21 అన్నారు, అదీ గడిచింది. మరుసటి ఏడాది క్యాంపింగ్ తేదీ చెప్పడమే పాపమని రాతపూర్వకంగా ఒప్పుకున్నాడు. ఆ పెద్దాయన డబ్బు తిరిగొచ్చిందా?

కౌలురైతు_పర్చూరు
అన్నా మిర్చి కౌలు ఎకరాకి ఎంత పడుతోందో ఆ బోధకుడికి ఎవరన్నా చెప్పండి. ఆ డబ్బు వెనక్కి అడగడం తప్పు కాదు.

చీరాల_అక్క
డబ్బు అడిగి చూశాను. దేవునికిచ్చింది వెనక్కి అడగకూడదని వాడే నాకు చెప్తున్నాడు. పొలం అమ్మిన డబ్బులో కొంత దాచుకుని చనిపోయిన అననీయ సప్పీరల కథ గుర్తుచేశాడు.

సండేస్కూల్_సుజాత
అననీయ అమ్మింది తన సొంత పొలం. "అది నీ వశమై యుండలేదా" అని పేతురు అడిగింది కూడా దాని గురించే. తమ్ముడు ఇచ్చింది నాన్న డబ్బు. దానికి సరైన వాక్యం మార్కు 7లో ఉంది. అమ్మానాన్నలకు చెందాల్సిందాన్ని కొర్బాను, అంటే దేవార్పణం అని చెప్పి ఎగ్గొట్టేవాళ్ళను యేసు ప్రభువే గద్దించాడు. ఇది నెమ్మదిగా చదివించండి. వాడు వాక్యాన్ని గౌరవించేవాడే కదా, వింటాడు.

కడబూర77
మే 21 క్యాంపింగ్ కథ అందరూ చెప్తారు. వాళ్ళు తప్పుడు బోధకులు. మనం తేదీ చెప్పడం లేదు, కాలం చెప్తున్నాం. 2025 సెప్టెంబరులో, ఆ నెలలోనే ఎత్తబడతామన్న దక్షిణాఫ్రికా బోధకుడి వీడియో వైరల్ అయినప్పుడు మా పాస్టర్ గారే వద్దని హెచ్చరించారు.

డాలస్_డేవిడ్
@కడబూర77 మీ పాస్టర్ గారికి వందనాలు. అలా సంఘంలో నిలబడి హెచ్చరించేవాళ్ళు తక్కువ. యూదుల బూరల పండుగ, సెప్టెంబరు 23, 24 అని ఆ వీడియో ఇక్కడ మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో కూడా తిరిగింది. కాకపోతే "తేదీ చెప్పడం లేదు, ఈ రెండేళ్ళలోనే" అన్నా, "ఈ తరంలోనే, ఖాయం" అన్నా వినే కుర్రాడికి తేడా ఏముంది? వాడు ఫీజు కట్టడు, అంతే.

నర్సాపురం_పాత_విశ్వాసి
ఈ బోధ మనకెక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే కొంత నెమ్మది కలుగుతుంది. సంఘం రహస్యంగా ఎత్తబడటం, తర్వాత ఏడేండ్ల శ్రమలు, తర్వాత వెయ్యేండ్ల పాలన, ఇలా వరసగా పేర్చి చెప్పే పద్ధతిని 1830ల్లో బ్రిటన్, ఐర్లాండుల్లోని సహోదరుల (బ్రదరన్) సమాజంలో జాన్ నెల్సన్ డార్బీ బలంగా బోధించాడు. 1909లో వచ్చిన స్కోఫీల్డ్ వ్యాఖ్యాన బైబిలు దాన్ని ప్రపంచమంతా పాకించింది. ఆంథొనీ నారిస్ గ్రోవ్స్‌తో కలిసి 1836లో మన దేశానికొచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాలు అదే సహోదరుల సమాజం వాళ్ళు. గోదావరి డెల్టాలో, మా నర్సాపురంలో పరిచర్య మొదలుపెట్టింది వాళ్ళే.

నేను ఆ సంఘంలోనే పెరిగాను. ప్రతి ఆదివారం రొట్టె విరిచేటప్పుడు "ఆయన వచ్చువరకు" అన్న మాట వింటూ పెరిగాను. ప్రభువు ఏ క్షణమైనా రావచ్చని మా పెద్దలు నిజంగా నమ్మారు. నమ్మినవాళ్ళే గోదావరి జిల్లాల్లో బడులు పెట్టారు, ఆసుపత్రులు కట్టారు. రేపే వస్తాడనుకుంటే ఆసుపత్రికి పునాది ఎవరు తీస్తారు? వాళ్ళ మనసులో ఈ రెంటికీ గొడవ లేదు. వచ్చేటప్పటికి పనిలో ఉండాలి, అదీ వాళ్ళ ఆశ. కాబట్టి ఎత్తబడే బోధ వల్లే పిల్లలు పాడవుతున్నారని ఎవరూ అనొద్దు. బోధను ఫోనులో రోజుకు పది గంటలు తినిపించడం వల్ల పాడవుతున్నారు.

మెదక్_జాన్
పెద్దాయన చెప్పింది నిజమే. నాకు ఆ ఏడేండ్ల లెక్క మీద నమ్మకం లేదు. మా సీఎస్ఐలో (దక్షిణ ఇండియా సంఘం) ఆ బోధ పెద్దగా చెప్పరు. బైబిల్లో ప్రకటన గ్రంథం 20లో వెయ్యేండ్లు అక్షరాలా లెక్కపెట్టాల్సినవి కావని మా అయ్యగార్లు చెప్తారు. అట్లాగని రాకడను వదిలేయలేదు. ఆయన మరణాన్ని జ్ఞాపకం చేసుకుంటాం, పునరుత్థానాన్ని ఒప్పుకుంటాం, రాకడకు ఎదురుచూస్తాం అని ప్రభువు బల్ల దగ్గర అందరం కలిసి చెప్తాం.

మా మెదక్ చర్చి సంగతి చెప్తా. 1914 నుంచి 1924 దాకా కట్టారు. కరువు కాలంలో మిషనరీ పోస్నెట్ దొర కూర్చోబెట్టి గంజి పోయలేదు. పని ఇచ్చి తిండి పెట్టిండు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ చేసిన్రు. పదేళ్ళు రాయి మీద రాయి పెట్టినోళ్ళకు రాకడ మీద ఆశ లేదంటామా?

మరనాత_బ్రదర్
@నర్సాపురం_పాత_విశ్వాసి అయ్యగారూ, మీ మాటతో నాకు విరోధం లేదు. నేను భయపడేది రెండో పక్క గురించి. పిల్లల్ని కోచింగులు, ప్యాకేజీలు, వీసాల వెంట పరిగెత్తించి ఆదివారం కూడా ట్యూషన్‌కు పంపే విశ్వాసుల్ని చూస్తున్నాను. వాళ్ళకు రాకడ గుర్తే లేదు. లూకా 12లో కొట్లు విప్పి ఇంకా పెద్దవి కట్టుకుంటానన్నవాడు కూడా చాలా కష్టపడే మనిషే.

సండేస్కూల్_సుజాత
దీనికి మాత్రం ఆమేన్. ఇది మా సంఘంలోనూ ఉంది.

దోహా_నర్స్
డ్యూటీ అయ్యాక రాస్తున్నాను, తప్పులుంటే క్షమించండి. కోవిడ్ టైములో టీకా అంటే 666 ముద్ర అని ఊళ్ళో మా బంధువులు కొందరు వేయించుకోలేదు. నేను ఇక్కడ వార్డులో పనిచేస్తూ రాత్రుళ్ళు ఫోన్ చేసి బతిమాలాను. ప్రకటన 13 తీసి చదవండి. ఆ ముద్ర మృగానికి మొక్కడంతో ముడిపడింది. కుడిచేతి మీదో నొసటి మీదో వేస్తారని రాసుంది. తెలియకుండా సూదితో ఎక్కేసేది కాదు, ఎవరికి మొక్కుతావన్న తీర్మానం. మా పెద్దమ్మ చివరకు వేయించుకుంది. ఇంకో ఇంట్లో ఆలస్యమైపోయింది.

భయంతో చేసింది ఏదీ మెలకువ కాదు. ఐసీయూలో మెలకువ అంటే ఏమిటో మాకు తెలుసు. పది నిమిషాలకోసారి మానిటర్ చూడాలి, మందు టైముకి ఇవ్వాలి, పక్క మంచం వాళ్ళ అమ్మకు ఒక మాట చెప్పాలి. తలుపు వైపు చూస్తూ నిలబడితే పేషెంట్ పోతాడు.

కౌలురైతు_పర్చూరు
👏 చెల్లెమ్మా, ఇది ఫ్రేము కట్టించుకోవాలి.

బీటెక్_బర్నబా
ఆ తమ్ముడి వయసు నాదీ. ఒకటి చెప్పనా, ఎవరూ ఏమనుకోవద్దు. రెండు సబ్జెక్టులు మిగిలినవాడికి రాకడ వీడియోలు హాయిగా ఉంటాయి. మా హాస్టల్లో ముగ్గురం ఒకే సెమిస్టర్‌లో ఒక్కసారిగా ప్రవచనాల మీద పడ్డాం, అది ఏ సెమిస్టరో మీరే ఊహించుకోండి 🙂 అక్కా, వాడికి ఫెయిలవుతానన్న భయం ఉందేమో కనుక్కో. ఉద్యోగాలు లేవన్న దిగులు ఉందేమో కనుక్కో. వాదించే ముందు అది అడుగు.

చీరాల_అక్క
అకౌంట్స్ సబ్జెక్టు రెండుసార్లు పోయింది. మూడోసారి కట్టమన్నప్పటి నుంచే ఇదంతా మొదలైంది. నాకు ఇది తట్టనేలేదు.

యవనస్థుల_కూడిక
మరి ఇంకేం, ట్యూషన్ పెట్టించండి. సమస్య తీరింది.

ఆగమనకాలం_మరియ
అంత తేలిగ్గా తీసెయ్యకండి. భయం ఉన్నంత మాత్రాన విశ్వాసం అబద్ధమైపోదు. శ్రమలో ఉన్నవాళ్ళే కదా ఎక్కువగా "ప్రభువా రమ్ము" అన్నది. ప్రకటన గ్రంథం రాసిన యోహాను పత్మాసు ద్వీపంలో పరవాసంలో ఉన్నాడు.

మేము కతోలికులం. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు ఆగమన కాలం పాటిస్తాం. అది పసిబాలుడి పుట్టుక కోసమే అని చాలామంది అనుకుంటారు కానీ మొదటి ఆదివారం పఠనాలు రెండవ రాకడ గురించే ఉంటాయి. ప్రతి ఏడూ ఎదురుచూడటం నేర్పిస్తారన్నమాట. వార్తల్లో యుద్ధం వచ్చినప్పుడు మాత్రమే ఎదురుచూస్తే, యుద్ధం ఆగిన రోజు ఆశ కూడా పోతుంది.

గుండ్లకమ్మ_ఒడ్డు
అక్క చీరాల అంటోంది కాబట్టి మన పాత ప్రకాశం జిల్లా వైపు సంగతి ఒకటి రాయాలనిపించింది. కొంచెం పొడుగు.

1876-78 కరువులో ఒంగోలు చుట్టుపక్కల జనం ఆకలితో చచ్చిపోతుంటే, బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకున్నాడు. మాదిగ పల్లెల నుంచి వేలమంది వచ్చి తవ్వారు. కూలి దొరికింది, బతికారు. బోధకులు పగలు పని చేయించారు, ఖాళీ దొరికినప్పుడు వాక్యం చెప్పారు. ఆ కరువు రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని జనం అడిగితే క్లౌ ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆగాడు. సహాయం పంచడం అయిపోయాకే ఇచ్చాడు. 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు.

ఎందుకు చెప్తున్నానంటే, మా పెద్దలకు లోకాంతం అనేది వీడియోలో చూసే సంగతి కాదు. ఇంటిముందు శవాలు లేచిన కరువు అది. ఆ రోజుల్లో లోకం ముగిసిపోతోందని ఎవరైనా చెబితే వెంటనే నమ్మేవాళ్ళు. వాళ్ళకు దొరికిన బోధకుడు చేతికి పార ఇచ్చాడు.

ఇంకో మాట కూడా అనాలి. రాకడ ఆశను తేలిగ్గా చూసే చదువుకున్నవాళ్ళు మనలోనే ఉన్నారు. ఊరి బావిలో నీళ్ళు తోడుకోనివ్వని రోజుల్లో మా ముత్తాతలకు "న్యాయం చేసేవాడు వస్తున్నాడు" అన్న మాటే వెన్నెముక నిలబెట్టింది. ఆ ఆశతోనే పిల్లల్ని మిషను బడికి పంపారు. అదే ఆశ పేరు చెప్పి ఇవాళ మా పిల్లవాడు చదువు మానేస్తే నాకు కడుపు రగిలిపోతుంది. ఎంత ఖరీదు పెట్టి సంపాదించిన చదువు అది!

మెదక్_జాన్
అన్నా, ఇది చదివినాక ఇంకేం రాయలేను.

మరనాత_బ్రదర్
@గుండ్లకమ్మ_ఒడ్డు చదివి చాలాసేపు ఊరుకుండిపోయాను. మీతో ఏకీభవిస్తున్నాను, ఒక్క విషయం తప్ప. గుర్తుల గురించి బోధించడం మానేయాలని మాత్రం ఒప్పుకోను. ప్రభువే గుర్తులు చెప్పాడు.

సండేస్కూల్_సుజాత
మానేయమని ఎవరన్నారు బ్రదర్? మత్తయి 24 చదివినవాళ్ళు 25 దగ్గర ఆగిపోవద్దనే. అది కూడా అదే కొండ మీద, అదే రోజు చెప్పిన మాట. పదిమంది కన్యకలు, తలాంతులు, గొర్రెలు మేకలు. తలాంతును భూమిలో దాచినవాడు దొంగతనం చేయలేదు. ఇచ్చింది ఇచ్చినట్టే తిరిగి తెచ్చాడు, అయినా సోమరివైన చెడ్డ దాసుడా అనిపించుకున్నాడు. ఆ తర్వాత తీర్పు రోజున అడిగేది ఆకలిగొన్నవాడికి పెట్టావా, చెరసాలలో ఉన్నవాణ్ణి చూశావా అని. గోగు ఏ దేశమో చెప్పమని అడగడు.

లూకా 19లో ఇంకా సూటిగా ఉంది. దేవుని రాజ్యం వెంటనే కనిపిస్తుందని జనం అనుకుంటున్నారు కాబట్టే ఆ ఉపమానం చెప్పాడని 11వ వచనం. అందులో యజమాని ఇచ్చిన ఆజ్ఞ: "నేను వచ్చువరకు వ్యాపారము చేయుడి". బీకాం పిల్లవాడికి ఇంతకంటే సరైన వాక్యం ఎక్కడ దొరుకుతుంది!

బీటెక్_బర్నబా
బైబిల్లో బీకాం ఉందని ఇవాళే తెలిసింది 😄 అకౌంట్స్ తప్పనిసరి సబ్జెక్టు అన్నమాట.

కడబూర77
1992లో కొరియాలో జరిగింది ఎవరూ రాయలేదేం. ఒక బోధకుడు అక్టోబరు 28న ఎత్తబడతామన్నాడు. ఉద్యోగాలు మానేశారు, ఇళ్ళు అమ్మి ఇచ్చేశారు. ఆ బోధకుడి దగ్గర 1993 మే నెలలో డబ్బు చేతికొచ్చే బాండ్లు దొరికాయి. మోసం కేసులో జైలుకు వెళ్ళాడు. నేను ఎత్తబడటాన్ని నమ్ముతాను, గట్టిగా నమ్ముతాను. అందుకే ఇలాంటివాళ్ళంటే నాకు ఎక్కువ మంట. అక్కా, ఆ ఛానల్ వాళ్ళు లెక్కలు చూపిస్తారా, సంఘం ఉందా, పెద్దలు ఉన్నారా అని తమ్ముణ్ణి అడగమని చెప్పండి. ఒక్క క్యూఆర్ కోడ్ తప్ప ఏమీ లేకపోతే అది పరిచర్య కాదు.

డాలస్_డేవిడ్
కడబూర బ్రదర్‌తో నేను ఏకీభవించే రోజు వస్తుందనుకోలేదు. ఇదే పెద్ద గుర్తు 🙂

నర్సాపురం_పాత_విశ్వాసి
యిర్మీయా 28, 29 కూడా చదివించండి. రెండేళ్ళలో బబులోను కాడి విరిగిపోతుందని హనన్యా ప్రవచించాడు. జనానికి తియ్యగా ఉంది. యిర్మీయా డెబ్బై ఏళ్ళు అన్నాడు. ఈలోగా ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్ళిళ్ళు చేయండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని చెరలో ఉన్నవాళ్ళకు ఉత్తరం రాశాడు. తిరిగి వెళ్తామన్న ఆశ పోగొట్టలేదు, పైగా 32లో తనే అనాతోతులో పొలం కొని దస్తావేజు రాయించాడు. ముట్టడి జరుగుతుండగా!

దివిసీమ_దాసు
1977 నవంబరు 19 ఉప్పెన రాత్రి మా వాళ్ళంతా ఇదే కడవరి దినం అనుకున్నారట. తెల్లారేసరికి బతికి ఉన్నారు. మరి ఏం చేశారని మా తాతను అడిగితే "శవాలు పూడ్చాం, తర్వాత గుడిసెలు లేపుకున్నాం" అనేవాడు. పాటలు పాడుకుంటూనే చేశారట. అంతకుమించి చెప్పేవాడు కాదు.

చీరాల_అక్క
నిన్న రాత్రి మార్కు 7, లూకా 19 ఇద్దరం కలిసి చదివాం. వాదన పెట్టుకోలేదు. అకౌంట్స్ గురించి అడిగితే ముందు కోపం వచ్చింది, తర్వాత ఏడ్చాడు. ఛానల్ మాత్రం వదలడట. ఫీజు విషయం ఏమీ తేల్చలేదు. లేటు ఫీజుతో కట్టడానికి ఇంకా గడువుంది. ఇప్పుడు నా చింత అమ్మ గురించి. ఆవిడకు ఏం చదివి వినిపించాలి?

సండేస్కూల్_సుజాత
అమ్మకు పాఠం చెప్పొద్దమ్మా. థెస్సలొనీక ఉత్తరాలు రెండూ కలిపి ఎనిమిది అధ్యాయాలే. రాత్రి కుటుంబ ప్రార్థనలో రోజుకొకటి, అమ్మ చేతే పైకి చదివించు. రెండో ఉత్తరం రెండో అధ్యాయం మొదట్లో, ప్రభువు దినం వచ్చేసిందని పౌలు పేరు మీద ఎవరో ఉత్తరం పుట్టించినట్టుంది, దాన్ని చూసి బెదరవద్దని ఉంటుంది. అక్కడ ఫార్వార్డుల సంగతి ఆవిడే ఎత్తుతుంది చూడు. మూడో అధ్యాయం వచ్చిన రోజు నాన్నను కూడా పొలం నుంచి పెందరాళే రమ్మను.

కౌలురైతు_పర్చూరు
అక్కా, లేటు ఫీజు ఎంతో ఇక్కడ పెట్టు. గ్రూపులో తలా కొంత వేద్దాం. అకౌంట్స్ చెప్పగలిగినవాళ్ళు ఎవరన్నా ఉంటే చెయ్యెత్తండి.

మరనాత_బ్రదర్
నేను పన్నెండేళ్ళుగా ఆడిటర్ ఆఫీసులో పని చేస్తున్నాను. సాయంత్రం ఏడు తర్వాత వీడియో కాల్‌లో చెప్తాను. ముందు అరగంట అకౌంట్స్, తర్వాత దానియేలు. రెండూ ఇష్టమైతేనే.